వెలిసిన రంగును నిలబెట్టడం

అమెరికా నైరుతి రాష్ట్రాల్లో, ముఖ్యంగా ఆరిజోనా, న్యూ మెక్సికోల్లో, పొలాల అంచున ఏళ్ల తరబడి నిలిచిపోయిన షెవర్లే 3100 పికప్ ట్రక్కులు ఇప్పటికీ దొరుకుతుంటాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ కంపెనీ కొత్తగా రూపొందించిన ట్రక్కు ఇది. 1947 వేసవిలో అమ్మకానికి వచ్చి, 1955 దాకా నడిచింది. ఉబ్బెత్తు మడ్‌గార్డులు, మొదట్లో వచ్చిన బండ్లకు ముందువైపు ఐదు అడ్డపట్టీల గ్రిల్లు, 216 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను, 90 హార్స్‌పవర్, వెనక సరుకు వేసే బాడీకి అడుగున చెక్క పలకలు. రైతులు, వడ్రంగులు, ప్లంబర్లు కొనుక్కున్న పని బండి.

ఇలాంటి బండి దొరికితే ముందు డ్రైవర్ తలుపు చూడాలి. ఫ్యాక్టరీ వేసిన ముదురాకుపచ్చ పాలిపోయి, బూడిద కలిసినట్టుగా ఉంటుంది. దాని మీద ఒకప్పుడు ఆ ఊరి పెయింటరు కుంచెతో యజమాని ఇంటిపేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి ఉంటాడు. ఆ తెల్ల అక్షరాలు ఎప్పుడో రాలిపోయాయి. అయినా పేరు చదవొచ్చు. అక్షరం ఉండిన చోట ఆకుపచ్చ ఇంకా ముదురుగా, నున్నగా ఉంది. చుట్టూ మాత్రమే వెలిసింది. అక్షరాల పెయింటు దశాబ్దాల పాటు ఎండకు అడ్డుగా నిలబడి, తన కింది రంగును కాపాడి, ఆ తర్వాత తాను పోయింది. కిటికీ అంచు మీద ఇంకొక మరక కనిపిస్తుంది. డ్రైవర్ మోచెయ్యి ఆనించుకునే చోట ఆకుపచ్చ అరిగి, దాని కింద ప్రైమర్ బయటపడి, మధ్యలో ఉక్కు రేకే తేలి గోధుమ రంగులో మెరుస్తుంది. ఇది ఎండ చేసిన పని కాదు, ఒక మనిషి చేసింది.

పాత బండ్లను ఇష్టపడేవాళ్లు ఈ మొత్తాన్నీ కలిపి పాటినా అంటారు. దాన్ని చెరపకుండా బండిని మళ్లీ రోడ్డెక్కించడం ఇప్పుడు చాలామందికి ఇష్టమైన పని. చూసేవాళ్లకు ఇది చాలా తేలికనిపిస్తుంది: రంగు వేయక్కర్లేదు, లప్పం పెట్టక్కర్లేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేస్తే సరి. నిజానికి వదిలేస్తే మిగలదు. పాటినా అని మనం పిలిచే దానిలో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి వెలిసిన పెయింటు. అది చాలావరకు జరిగిపోయిన మార్పు, పోతే మళ్లీ రాదు. రెండోది తుప్పు. అది ఈ రోజూ జరుగుతున్న చర్య. మొదటిదాన్ని నిలబెట్టాలంటే రెండోదాన్ని ఆపాలి. ఈ తేడా పట్టుకోనివాళ్ల చేతిలో బండి అందంగా కొన్నేళ్లు తిరిగి, ఆ తర్వాత చిల్లులు పడుతుంది.

ముందు పెయింటు సంగతి. ఆ రోజుల్లో అమెరికన్ ట్రక్కులకు ఎక్కువగా వాడింది ఆల్కిడ్ ఎనామెల్. ఎండే గుణమున్న నూనెలను రెసిన్‌తో కలిపి తయారుచేసే పెయింటు ఇది. నూనె అణువులు గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని ఒకదానికొకటి ముడిపడతాయి, పొర గట్టిపడుతుంది. పెయింటును గట్టిపరిచిన ఆ చర్యే తర్వాత కూడా నెమ్మదిగా సాగుతూ దాన్ని పెళుసుగా మారుస్తుంది. మరోవైపు ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ ముడులనే తెంపుతుంటాయి. పైపొరలో రెసిన్ శిథిలమై వానకు కొట్టుకుపోతుంది. అందులో ఇరుక్కుని ఉన్న రంగు రేణువులు విడిపడి పైన మిగులుతాయి. వేలితో రాస్తే ఆకుపచ్చ పొడి వేలికంటుతుంది. రేణువుల మధ్య ఇప్పుడు రెసిన్ బదులు గాలి ఉంది కాబట్టి వెలుతురు అటూ ఇటూ చెదిరి రంగు తెల్లబారినట్టు కనిపిస్తుంది. ఏటి ఒడ్డున ఎండిన గులకరాయి తడిస్తే ఒక్కసారిగా ముదురు రంగు తేలినట్టే, ఈ తలుపు మీద నీళ్లు చల్లినా పాత ఆకుపచ్చ మళ్లీ కనిపిస్తుంది. ఆరగానే పోతుంది. అంటే రంగు చాలావరకు అక్కడే ఉంది, పోయింది దాన్ని పట్టుకుని ఉన్న పదార్థం.

టాపు, బానెట్, మడ్‌గార్డుల పైభాగం ముందుగా దెబ్బతినడానికి ఎండతో పాటు మంచు కూడా కారణం. మబ్బులేని రాత్రి లోహపు టాపు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. ఎడారిలో కూడా తెల్లవారుజామున టాపు మీద తేమ పేరుకోవడానికి అదే కారణం. పెయింటు పలచబడ్డ చోట ఆ తేమ ఉక్కును చేరుతుంది. తుప్పు అక్కడి నుంచి మొదలు.

తుప్పు ఎలా నడుస్తుందో 1926లో కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ ఒక్క నీటిచుక్కతో చూపించాడు. శుభ్రం చేసిన ఇనుప రేకు మీద ఉప్పునీటి చుక్క ఒకటి వేసి, అందులో రంగు మారే సూచికలు కలిపాడు. కాసేపటికి చుక్క అంచు గులాబీ రంగుకు, నడుమ భాగం నీలానికి తిరిగింది. అంచున ఆక్సిజన్ పుష్కలంగా అందుతుంది, అక్కడ క్షారం పుడుతుంది. ఇనుము కరుగుతున్నది మాత్రం గాలి తక్కువగా అందే నడిమి భాగంలో. రెండింటి మధ్య గోధుమ వలయంగా తుప్పు పేరుకుంటుంది. మెరిసే చోట కాక మరుగున ఉన్న చోట లోహం పోతుందన్నది ఆ ప్రయోగం చెప్పిన ముఖ్యమైన విషయం. ట్రక్కు మడ్‌గార్డు లోపలి మడతలో ఇరుక్కున్న తడి మట్టి కింద, క్యాబిన్ మూలల్లో, తలుపు అడుగున చేరిన ఆకుల చెత్త కింద జరిగేది అదే. తలుపు మధ్యలో అందరికీ కనబడే ఎర్రటి మరక చాలాసార్లు పైపైదే. ప్రమాదం కనబడని చోట ఉంటుంది.

ఆ కాలపు బండ్లలో ఈ బలహీనత ఇంకా ఎక్కువ. బాడీ మొత్తాన్ని పెయింటు తొట్టిలో ముంచి, విద్యుత్తుతో ప్రతి మూలకూ ప్రైమర్ పట్టించే పద్ధతి 1960ల దశకంలోగానీ రాలేదు. అందుకని 3100 క్యాబిన్ లోపలి గొట్టాల్లాంటి ఖాళీల్లో పెయింటు నామమాత్రం. రేకు మాత్రం నేటి కార్లకన్నా దళసరి, దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది. ఇన్నేళ్లు నిలబడటానికి అదొక కారణం.

తుప్పు పొర తన కింది ఇనుమును తానే కాపాడుతుందని కొందరు నమ్ముతారు. మామూలు ఉక్కు విషయంలో ఇది తప్పు. తుప్పుగా మారిన ఇనుము తాను అంతకుముందు ఆక్రమించిన చోటుకు 2 నుంచి 6 రెట్లు చోటు అడుగుతుంది. అందుకే పొర ఉబ్బి, పగిలి, పెచ్చులుగా లేస్తుంది. ఆ పగుళ్లు నీటిని పీల్చుకుంటాయి. పైగా తడిసినప్పుడు తుప్పులోని ఆక్సీహైడ్రాక్సైడే ఆక్సిజన్ పాత్ర పోషించి కింది ఇనుమును కరిగిస్తుంది, ఆరినప్పుడు గాలి నుంచి ఆక్సిజన్ తీసుకుని మళ్లీ సిద్ధమవుతుంది. ప్రతి తడికీ, ప్రతి ఆరుదలకూ ఈ చక్రం ఒక మెట్టు ముందుకు జరుగుతుంది. తుప్పు ఉన్నచోట తుప్పు పెరగడం సులువు.

తనను తాను కాపాడుకునే తుప్పు లేకపోలేదు. ఢిల్లీ కుతుబ్ ఆవరణలోని ఇనుప స్తంభం 1600 ఏళ్లుగా నిలబడి ఉంది. దానిలో భాస్వరం సుమారు 0.25 శాతం ఉందనీ, అది ఇనుముతో కలిసి పలచని, గట్టి ఫాస్ఫేట్ పొరను ఏర్పరిచిందనీ ఐఐటీ కాన్పూర్‌కు చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. 1933లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చిన కార్‌టెన్ ఉక్కులో రాగి, క్రోమియం, భాస్వరం కొద్ది కొద్దిగా కలుపుతారు. ఏరో సారినెన్ రూపకల్పన చేసిన జాన్ డీర్ ప్రధాన కార్యాలయాన్ని దానితోనే కట్టారు. 1964లో తెరిచిన ఆ భవనానికి ఇప్పటికీ పెయింటు లేదు. పికప్ ట్రక్కు రేకులో మాత్రం అలాంటి మిశ్రమం ఏదీ లేదు. దాని తుప్పుకు కాపాడే శక్తి లేదు కాబట్టి ఆ పని మనమే చేయాలి.

గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటాక ఉక్కు తుప్పు పట్టే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆరిజోనా బండ్లు మిగలడానికి, మిషిగన్, ఒహాయో బండ్లు మిగలకపోవడానికి తేమలో తేడా ఒక్కటే కారణం కాదు. ఉత్తరాది రోడ్ల మీద చలికాలంలో మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు గాలిలోని తేమను తానే లాక్కుంటుంది. సోడియం క్లోరైడ్ 75 శాతం తేమలో నీరైపోతే, కాల్షియం క్లోరైడ్‌కు 30 శాతం చాలు. ఒకసారి ఉప్పు రేకు మడతల్లోకి చేరితే పొడి రోజున కూడా అక్కడ తడే. అందుకే ఎక్కడి బండి అన్నది పాటినా బండిని కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న.

ఇక పని దగ్గరకు వద్దాం. బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, వైరింగ్, పెట్రోలు గొట్టాల విషయంలో నాకు ఏ మొహమాటమూ లేదు. అక్కడ పాతదనాన్ని కాపాడాలనుకోవడం ప్రాణాలతో ఆట. ఈ బండ్లలో బ్రేక్ ఆయిల్‌కు ఒకే ఒక్క దారి ఉంటుంది. ఎక్కడ చిల్లిపడినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే రకం కాబట్టి ఏళ్ల తరబడి నిలిచిన బండి సిలిండర్లు లోపల తుప్పు పట్టే ఉంటాయి. రెండు విడి దారులున్న మాస్టర్ సిలిండర్ బిగించడం మంచిది. బయటికి కనబడదు, రూపానికి ఏ నష్టమూ లేదు.

బయటి రంగును శుభ్రం చేయడంలో చాలామంది తొందరపడతారు. పాలిష్, రబ్బింగ్ కాంపౌండ్ పట్టించిన వెంటనే బండి మెరుస్తుంది. కానీ కాంపౌండ్ పని వెలిసిన పొరను గీకేయడమే. ఆ పొర ఎన్నో ఏళ్ల ఎండలో తయారైంది. ఎక్కువ రుద్దితే తలుపు మీది పేరు కూడా పోతుంది. మెత్తటి సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ, కావలసినంత ఓపిక చాలు. ఇంకొక కారణం కూడా ఉంది. ఆ కాలపు పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు ఛాయల్లోనూ సైన్‌బోర్డు పెయింట్లలోనూ సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా ఎమరీ కాగితం పెట్టి గీకితే ఆ ధూళి ఊపిరిలోకి వెళుతుంది. గీకక తప్పని చోట తడిపి గీకాలి, మాస్కు పెట్టుకోవాలి, పిల్లలను దూరంగా ఉంచాలి.

పెయింటు మీదికి కారిన తుప్పు చారలను తీయడానికి ఆక్సాలిక్ ఆమ్లం గొప్పగా పనిచేస్తుంది. తుప్పులోని ఇనుమును పట్టుకుని నీటిలో కరిగే రూపంలోకి తెస్తుంది, పెయింటును పెద్దగా ముట్టుకోదు. 2 నుంచి 5 శాతం ద్రావణంలో తడిపిన గుడ్డను మరక మీద పరిచి, ఆరిపోకుండా తడుపుతూ ఉంచితే, మొత్తం తుప్పే అనుకున్న చోట ఆకుపచ్చ బయటపడుతుంది. ఈ పనిలో ఇంతకన్నా సంతోషం కలిగించే ఘట్టం లేదంటాను. ఆమ్లం విషపూరితం, తొడుగులు తప్పనిసరి. ఆ తర్వాత వంటసోడా నీళ్లతో, మంచినీళ్లతో బాగా కడిగి వెంటనే ఆరబెట్టాలి. కడిగింది చాలకపోతే పసుపు రంగు పొడి మిగులుతుంది.

విడదీయగలిగిన చిన్న భాగాలకు విద్యుత్ పద్ధతి ఉంది. చాకలి సోడా కలిపిన నీటిలో భాగాన్ని ముంచి, బ్యాటరీ ఛార్జరు నెగెటివ్ తీగ దానికీ, పాజిటివ్ తీగ వేరే ఇనుప ముక్కకూ తగిలిస్తారు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టకూడదు. అందులోని క్రోమియం కేన్సర్ కారకమైన రూపంలో నీటిలోకి వస్తుంది. హైడ్రోజన్ వాయువు కూడా పుడుతుంది, అందుకని ఆరుబయటే చేయాలి. రంగు మిగిలిన భాగాలకు ఈ పద్ధతి వద్దు, పెయింటు లేచిపోతుంది.

రస్ట్ కన్వర్టర్ అని సీసాల్లో అమ్మే ద్రవాల్లో చాలావాటికి ఆధారం టానిక్ ఆమ్లం. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు ఈ రసాయనం బాగా తెలుసు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి కసిమి తయారుచేస్తారు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద కలంతో ఆ ద్రవం గీస్తే, గీసిన చోటల్లా నల్లటి గీత తేలుతుంది. కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి ఏర్పరిచిన నలుపది, ఉతికినా పోదు. కన్వర్టర్ తుప్పు మీద చేసే పని సరిగ్గా అదే. తుప్పును నల్లటి, స్థిరమైన ఐరన్ టానేట్‌గా మారుస్తుంది. ఎవరికీ కనబడని తలుపు లోపలి భాగానికీ, ఫ్లోరు అడుగుకూ చాలా మంచి మందు. తలుపు బయట ఒక్క చుక్క పడినా నల్లమచ్చ శాశ్వతం. పాటినా బండి మీద కన్వర్టర్ వాడేవాళ్లు ఈ రసాయనాన్ని గుర్తుపెట్టుకోవాలి.

క్యాబిన్ మూలలు, ఫ్లోరు, పాదం పెట్టే మెట్టు దగ్గర రేకు పూర్తిగా పోతే అతుకు వేయక తప్పదు. వెల్డింగ్ వేడికి చుట్టూ కొన్ని అంగుళాల మేర పాత పెయింటు మాడిపోతుంది కాబట్టి, నేర్పున్న మెకానిక్ కొద్ది కొద్దిగా, దూరం దూరంగా చుక్కలు పెడుతూ, మధ్యమధ్య చల్లారనిస్తూ, పక్కన తడి గుడ్డలు పరిచి వేస్తాడు. భారం మోయని చోట రెండు భాగాల ఎపాక్సీ జిగురుతో రేకు అతికించడం ఇంకా మేలు. అసలు కష్టం ఆ తర్వాత వస్తుంది. కొత్త రేకు పాత తలుపు పక్కన కళ్లకు గుచ్చుకుంటుంది. దానికి ప్రైమరూ ఆకుపచ్చా పొరలుగా వేసి, అరగదీసి, ఉప్పు, వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి చల్లి గంటల్లో తుప్పు పుట్టించి కలిపేస్తారు.

ఇక్కడ నాకు ఖచ్చితమైన అభిప్రాయం ఉంది. కళాఖండాల సంరక్షణలో ఇటలీకి చెందిన చేజరే బ్రాండీ పెట్టిన నియమం ఒకటుంది: పూరించిన భాగం దూరం నుంచి చిత్రంలో కలిసిపోవాలి, దగ్గరగా చూస్తే పూరించినట్టు తెలియాలి. అందుకే అక్కడ పోయిన రంగును సన్నటి నిలువు గీతలతో నింపుతారు. ట్రక్కుకూ అదే సరైన దారి. అతుకుకు వెలిసిన ఆకుపచ్చకు దగ్గరగా ఉండే చదునైన రంగు వేస్తే చాలు. అబద్ధపు మోచేతి మరక అక్కర్లేదు. కొత్తగా రంగు వేసిన బండి మీద ఉప్పూ పెరాక్సైడూ చల్లి, ఎన్నడూ లేని పొలం పేరు తలుపు మీద రాసి అరగదీసి అమ్మడం మరీ అన్యాయం. ఫిలడెల్ఫియాలో పాత కార్ల మ్యూజియం స్థాపించిన, వృత్తిరీత్యా న్యూరోసర్జన్ అయిన ఫ్రెడ్ సిమియోన్ పాత వాహనాలను చారిత్రక పత్రాలుగా చూడాలని వాదించాడు. ఆ లెక్కన అలా అమ్మిన బండి దొంగ పత్రం.

శుభ్రం చేశాక పైన ఏం పూయాలన్నది అందరూ వాదించుకునే ప్రశ్న. మరగించిన అవిసె నూనె రాస్తే రంగు వెంటనే ముదురుతుంది; రేణువుల మధ్య గాలి పోయి నూనె చేరుతుంది, గులకరాయి తడిసినట్టే. కానీ కాలక్రమంలో అది పసుపు తిరిగి నల్లబడుతుంది, దుమ్ము పట్టుకుంటుంది, గట్టిపడ్డాక తీయడం కష్టం. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం నూనె తుడిచిన గుడ్డలది. నూనె ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలు ముద్దగా పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకుంటాయి. 1991లో ఫిలడెల్ఫియాలో వన్ మెరీడియన్ ప్లాజా అనే ఆకాశహర్మ్యం తగలబడి ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ మంట మొదలైంది ఇలాంటి నూనె గుడ్డల నుంచే. వాటిని నీళ్లలో ముంచి మూతపెట్టాలి, లేదా ఆరుబయట విడివిడిగా ఆరేయాలి.

మెరుపు లేని క్లియర్ కోటు వేసేవాళ్లున్నారు. చూడటానికి శ్రేష్ఠం, మన్నిక ఉంది. అయితే పెయింటు పొరల గుండా తుప్పుకు సరిపడా నీరూ ఆక్సిజనూ వెళ్తూనే ఉంటాయని కేంబ్రిడ్జి శాస్త్రవేత్త మేన్ 20వ శతాబ్దం నడుమ చూపించాడు. కింద తుప్పూ ఉప్పూ మిగిలి ఉంటే అవి నీటిని లోపలికి లాక్కుని పొరను బుడగలుగా లేపుతాయి. అప్పుడు కోటు తీయాలంటే పాత రంగు కూడా ఊడివస్తుంది. నేను మైనానికే ఓటేస్తాను. పెయింటు మీద మంచి మైనం, లోపలి ఖాళీల్లో లానోలిన్ కలిసిన మైనం స్ప్రే. ఏటా ఒకటి రెండుసార్లు పూయాల్సి వస్తుంది, నిజమే. కానీ రేపు ఇంకెవరైనా ఇంతకన్నా మంచి పద్ధతి కనుక్కుంటే మైనాన్ని ద్రావకంతో తుడిచేసి మొదటికి రావచ్చు.

మన దగ్గర ఈ ఆలోచనకు ఇంకా చోటు దొరకలేదు. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా బొంబాయిలోని సేవ్రీలో షెవర్లే కార్లు, లారీలు, బస్సులు బిగించి అమ్మింది. కానీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు వెళ్లే ముందు లారీకి రంగు వేయించడం మనకు అలవాటు. ఫ్యాక్టరీ రంగు బయట మిగిలే అవకాశమే తక్కువ. ఆటోనగర్‌లో పాత బండిని తీసుకెళ్తే మొదటి పని లప్పమంతా గీకి రేకు దాకా తీసేయడం. అలా చేసేముందు ఒక్క పరీక్ష చేయమని పాత జీపులు, అంబాసిడర్లు ఉన్నవాళ్లను కోరతాను. కనబడని చోట రూపాయి బిళ్లంత మేర, నీళ్లతో తడిపిన నాజూకు ఎమరీ కాగితంతో మెల్లగా అరగదీయండి. వేసిన రంగులన్నీ ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా తేలుతాయి. అన్నిటికన్నా లోపలి వలయం ప్రైమరు, దాని పక్కది ఫ్యాక్టరీ రంగు. సీటు కింద, గ్లవ్‌బాక్సు వెనక ఆ రంగు ఏ పూతా లేకుండా దొరకొచ్చు. దాన్ని ఫోటో తీసి, వీలైతే అలాగే వదిలేయండి.

ఆరిజోనా పద్ధతిని మాత్రం కళ్లు మూసుకుని తేవడానికి లేదు. అనంతపురం లాంటి పొడి ఊళ్లో, వానాకాలంలో షెడ్డులో ఉంచితే, మైనం పూసిన తుప్పు మచ్చ నెమ్మదిగా నిలకడకు వస్తుంది. విశాఖ తీరంలో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ 60 శాతానికి పైనే, గాలిలో సముద్రపు ఉప్పు. అక్కడ వెలిసిన పెయింటును మైనంతో కాపాడుకోవచ్చు గానీ, రేకు తేలిన తుప్పు మచ్చను అలాగే చూపించాలన్న కోరిక వదులుకోవాలి. ఆ మచ్చ వరకు శుభ్రం చేసి, ఎపాక్సీ ప్రైమరు వేసి, చుట్టూ ఉన్న రంగుకు దగ్గరగా కలిపిన పెయింటుతో మూసేయడమే దారి.